అమ్మ ఫ్రిజ్ కోసం బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్: ప్రాజెక్టు డైరీ

ముందు రీడింగులు

సాయంత్రం ఏడింటికి 178 వోల్టులు. రాత్రి పదకొండున్నరకి 236. ఒకే ఇల్లు, ఒకే ప్లగ్గు, ఒకే మీటరు.

సోంపేట దగ్గర మా ఊళ్లో మా ఇల్లు ఎల్‌టీ లైనుకి (ఇళ్లకి కరెంటు తెచ్చే తక్కువ వోల్టేజి లైనుకి) దాదాపు చివర్న ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కనున్న కిరాణా కొట్లో అదే సాయంత్రం కొలిస్తే 229 ఉంది. అంటే లోపం ట్రాన్స్‌ఫార్మర్‌లో లేదు, దానికీ మాకూ మధ్యనున్న తీగలో ఉంది. దీపాలు పెట్టే వేళకి ఊరంతా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారే వేస్తారు. తీగలో కరెంటు ఎంత పెరిగితే దారిలో అంత వోల్టేజి తగ్గిపోతుంది. చివరింటికి మిగిలిందే దక్కుతుంది.

"గుర్రుమంటాది, ఆగిపోతాది నాయినా. కాసేపాగి మళ్లీ గుర్రుమంటాది" అని ఫ్రిజ్ గురించి అమ్మ చెప్పింది. రోగం అర్థమైంది. కంప్రెసర్ మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పటి బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230కి బదులు 178 వస్తే ఆ బలం అరవై శాతానికి పడిపోతుంది. మోటారు కదల్లేక కరెంటు లాగేస్తుంది, వేడెక్కి ఓవర్‌లోడ్ కట్ అవుతుంది. రోజూ ఇలాగే జరిగితే కంప్రెసర్ ఎన్నాళ్లో ఉండదు.

స్టెబిలైజర్ కొంటే ఒక్క పూటలో తేలిపోయే పని, ఆ సంగతి తెలుసు. కానీ అటక మీద పాత స్టెబిలైజర్ ఒకటి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజున వాన నీళ్లలో నానిపోయిన సరుకది. దాని వైండింగు, అంటే రాగి తీగ చుట్ట, పచ్చగా చిలుం పట్టిపోయినా లోపల ఇనుము ఉంది కదా. ట్రాన్స్‌ఫార్మర్‌లో బరువంతా ఇనుముదే. పైగా పుస్తకంలో చదివిన సూత్రాన్ని నా చేత్తో చుట్టి చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

ఎంత పెద్దది కావాలి?

ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, టీవీ, నాలుగు లైట్లు. ఫ్రిజ్ స్టార్టింగు దెబ్బ కూడా కలిపి 6 ఆంపియర్లు అనుకున్నాను. 210 వోల్టుల దగ్గర లెక్కేస్తే 1,260 వీఏ (వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకె). మొదట అంత ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలి కాబోలు అనిపిస్తుంది. అక్కర్లేదు. నా దగ్గర 178 ఎలాగూ ఉన్నాయి, తక్కువైనవి ఓ ముప్పై. అటక అందకపోతే కాళ్ల కింద పీట వేసుకుంటాం గానీ ఆరున్నర అడుగుల మనిషిని వెతకం కదా. ఆ ముప్పై వోల్టుల్ని విడిగా తయారుచేసి లైనుకి సీరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే చాలు.

230కి 40 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలి. కరెంటు తీసుకునే చుట్ట, అంటే ప్రైమరీ, లైను మీద ఉంటుంది. కరెంటిచ్చే చుట్ట, అంటే సెకండరీ, ఫేజు తీగలో సీరీస్‌గా ఉంటుంది. 40 వోల్టులు, 6 ఆంపియర్లు అంటే 240 వీఏ. 1,260 వీఏ పనిని ఐదో వంతు సైజుది చేసేస్తుంది. బజారు స్టెబిలైజర్లలో ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కిటుకు కూడా ఇదే. ఒక్క నష్టం ఉంది. విడి వైండింగుల ట్రాన్స్‌ఫార్మర్ లైను నుంచి మనల్ని వేరు చేస్తుంది, ఇది చెయ్యదు. అవుట్‌పుట్ ముట్టుకుంటే లైను ముట్టుకున్నట్టే.

ఇనుము

స్టెబిలైజర్ విప్పాను. స్టాంపింగులు, అంటే అచ్చులో కోసిన ఇనుప రేకులు, ఇంగ్లీషు E, I అక్షరాల ఆకారాల్లో వచ్చాయి. నడిమి కాలు వెడల్పు 38 మిల్లీమీటర్లు, దొంతర మందం 51. గుణిస్తే 19.4 చదరపు సెంటీమీటర్లు, రేకుల మధ్య పూత, సందులు తీసేస్తే 18.4. ఆ సైజు ఇనుము 250 వీఏ దాకా హాయిగా మోస్తుంది. మా అవసరానికి సరిగ్గా అతికింది.

అంచుల్లో తుప్పుంది. గరుకు కాగితంతో రుద్దెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది గానీ రుద్దకూడదు. ఒక్కో రేకు మీద పలచని ఇన్సులేషన్ పూత ఉంటుంది, అసలు విలువ దానిదే. మారే అయస్కాంత క్షేత్రం రాగి తీగలోనే కాదు, ఇనుములో కూడా వోల్టేజి పుట్టిస్తుంది. కోర్, అంటే చుట్ల మధ్యనుండే ఈ ఇనుము, ఒకే దిమ్మ అయితే లోపల కరెంటు సుడులు తిరిగి కాలిపోతుంది. అందుకే అరమిల్లీమీటరు రేకులుగా కోసి, ఒకదానికొకటి కరెంటు తగలకుండా పేరుస్తారు. రేకు మందం సగమైతే ఈ సుడి నష్టం నాలుగో వంతుకి దిగుతుంది. కిరసనాయిల్‌తో తుడిచి, ఎండబెట్టి, తుప్పు పట్టిన వాటికి పలచగా వార్నిష్ వేశాను. వంగినవి పారేశాను.

ఇనుప ఉంగరానికి రెండు తీగచుట్టలు వేసి, ఒకదాన్లో కరెంటు వేసినప్పుడూ తీసినప్పుడూ రెండోదాన్లో సూది కదలడం ఫారడే 1831 ఆగస్టులో చూశాడు. కరెంటు నిలకడగా ఉన్నంతసేపూ సూది కదల్లేదు. బ్యాటరీ మీద ట్రాన్స్‌ఫార్మర్ పనిచెయ్యదని అప్పుడే తేలింది. కానీ ఊళ్లకి కరెంటు పంచడానికి పనికొచ్చే మూసిన కోర్ ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి మరో యాభై ఏళ్లకి పైగా పట్టింది. 1885లో బుడాపెస్ట్‌లో గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ దాన్ని తయారుచేశారు.

చుట్ల లెక్క

ఒక్కో చుట్టుకి ఎన్ని వోల్టులు? 4.44 ని ఫ్రీక్వెన్సీతో, ఇనుములో పెట్టే ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) సాంద్రతతో, కోర్ వైశాల్యంతో గుణించాలి. ఫ్రీక్వెన్సీ 50. సాంద్రత 1.1 టెస్లా అనుకున్నాను. మంచి రేకు ఇంకా మోస్తుంది గానీ ఇది నానిన సరుకు, అత్యాశ వద్దు. వైశాల్యం 0.00184 చదరపు మీటర్లు. జవాబు 0.449. అంటే 230 వోల్టులకి 512 చుట్లు.

ఈ లెక్కలో లోడ్ ఎక్కడా లేదన్నది గమనించాలి. కోర్‌లో ఎంత ఫ్లక్స్ ఉండాలో వోల్టేజి, చుట్లు కలిసి తేల్చేస్తాయి. 512కి బదులు 300 చుట్లు చుడితే ఇనుము నిండిపోతుంది, లోడ్ లేకుండానే ప్రైమరీ కాలుతుంది. "రాగి ఆదా చేద్దాం" అని చుట్లు తగ్గించి అమ్మే చవక అడాప్టర్లు ఊరికే వేడెక్కేది అందుకే.

సెకండరీకి 40 వోల్టులంటే 89 చుట్లు. లోడ్‌లో తగ్గే వోల్టు రెండు వోల్టులకి ఇంకో నాలుగు కలిపితే 93. అయితే బాబిన్ మీద చోటు 52 మిల్లీమీటర్లు, 16 గేజ్ తీగ (గేజ్ అంటే తీగ మందం నంబరు, అంకె పెరిగితే తీగ సన్నం) వరసకి 30 చుట్లే పడుతుంది. 93 చుడితే నాలుగో పొర మొదలవుతుంది, కోర్ కిటికీలో, అంటే తీగ పట్టే ఖాళీలో, ఇరుక్కుంటుంది. 90తో మూడు పొరలు సరిగ్గా నిండుతాయి. 90 ఖాయం చేశాను.

ప్రైమరీలో పారేది ఆంపియరుకి కాస్త పైన, కాబట్టి 22 గేజ్. సెకండరీ 6 ఆంపియర్లకి 16 గేజ్. రెండూ చదరపు మిల్లీమీటరుకి మూడు ఆంపియర్ల లోపే. తూస్తే 22 గేజ్ 400 గ్రాములు, 16 గేజ్ 450 గ్రాములు పట్టాలి.

కాశీబుగ్గ, వైండింగ్ షాపు

మోటార్ల సీజను కావడంతో షాపు నిండా సబ్‌మెర్సిబుల్ మోటార్లే. ఓనరు గారిని అందరూ మేస్త్రీ అంటారు. చుట్టే మిషను ఓ మూల ఖాళీగా ఉంది, వాడుకోమన్నారు. కౌంటరు సున్నాకి తిప్పి మొదలుపెట్టాను.

"అంత బిగించీకు బాబూ. మూలల కాడ ఎనామిల్ లేసిపోద్ది. వదులుగా వొగ్గీసినా ఊరుకోదు, కరెంటెక్కినప్పుడు కొట్టుకుంటాది" అన్నారు మేస్త్రీ. తీగని వేళ్ల మధ్య గుడ్డతో పట్టి, ఒకే లాగుడుతో వదలడం చూపించారు. ఎనిమిది పొరల ప్రైమరీ, పొర పొరకీ పలచని మైలార్ షీటు. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య లెదరాయిడ్ కాగితం రెండు చుట్లు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

నాదొక కోరిక ఉంది. అన్నిటికన్నా పైన సన్న తీగతో రెండంటే రెండు చుట్లు విడిగా చుట్టి, కొసలు బయటికి తీసుకున్నాను. "ఇదేటి, దీన్తో ఏటి ఎలుగుద్ది?" అని మేస్త్రీ నవ్వారు. అది వెలగడానికి కాదు, కొలవడానికి. సంగతి కింద వస్తుంది.

స్టాంపింగులు ఎక్కించేటప్పుడు ఒక E రేకు ఇటునుంచి, తర్వాతది అటునుంచి, ఎదురుగా I రేకు. అన్నీ ఒకే వైపు పెడితే అతుకులన్నీ ఒకచోట చేరి అక్కడ గాలి సందు తయారవుతుంది. ఇనుముతో పోలిస్తే ఆ కొద్ది గాలిని దాటించడానికి అయస్కాంతానికి చాలా ఎక్కువ కరెంటు కావాలి. చివరి నాలుగైదు రేకులు చెక్క సుత్తితో కొట్టి దించాల్సి వచ్చింది. బోల్టులకి స్లీవు వేసి బిగించాం. వార్నిష్‌లో ముంచి, షాపు వాళ్ల ఓవెన్‌లోనే ఆరబెట్టాం.

సీరీస్ ల్యాంపు

కొత్తగా చుట్టిన దేన్నీ నేరుగా లైనుకి ఇవ్వకూడదు. 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఎక్కడైనా చుట్లు షార్టయి ఉంటే బల్బు వెలుగుతూనే ఉండేది. వెలగలేదంటే వైండింగు బాగుందన్నమాట.

ఆ మొదటి మెరుపు ప్రతిసారీ ఒకేలా రాదు. లైను వోల్టేజి అలలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, దాన్నే సైను తరంగం అంటారు. అది సున్నా దగ్గరున్నప్పుడు స్విచ్ పడితే ఫ్లక్స్ మామూలుకి రెట్టింపు వైపు పరిగెడుతుంది, ఇనుము నిండిపోతుంది, కరెంటు ఒక్క క్షణం ఎగుస్తుంది. తరంగం శిఖరం మీదున్నప్పుడు పడితే ఏమీ ఉండదు. పెద్ద స్టెబిలైజర్ వెయ్యగానే ఒక్కోసారి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే ఆరిపోయే స్విచ్) పడిపోయేది ఇందుకే.

బల్బు తీసేసి నేరుగా ఇచ్చాను. లైను 231, సెకండరీ 40.6, ప్రైమరీలో కరెంటు 0.09 ఆంపియరు. రెండు చుట్ల తీగ మీద 0.90 వోల్టు. కొంచెం హమ్మింగు ఉంది. బోల్టులు ఇంకో పావు తిప్పు బిగిస్తే తగ్గింది.

లోడ్

40 వోల్టులకి లోడ్ ఏం పెట్టాలి? లారీ మెకానిక్ దగ్గర 12 వోల్టుల 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు మూడు తెచ్చి సీరీస్‌లో కలిపాను. షెడ్డంతా పట్టపగలైపోయింది. సెకండరీలో 5.2 ఆంపియర్లు, 38.8 వోల్టులు. ప్రైమరీ కరెంటు 0.09 నుంచి 0.94కి ఎక్కింది.

నేను ఎదురుచూసిన రీడింగు వేరే ఉంది. ఆ రెండు చుట్ల తీగ మీద 0.90 ఉండేది 0.88 అయింది, అంతే! ప్రైమరీ కరెంటు పది రెట్లు పెరిగినా కోర్‌లో ఫ్లక్స్ పెరగలేదు, పైగా వీసమెత్తు తగ్గింది. లోడ్ పెరిగితే కోర్‌లో అయస్కాంతం బలపడుతుందని చాలామంది అనుకుంటారు, డిప్లొమా చదివే రోజుల్లో నేను విన్న వివరణ కూడా దాదాపు అదే. జరిగేది వేరు. సెకండరీలో పారే కరెంటు ఫ్లక్స్‌ని తగ్గించాలని చూస్తుంది. ఫ్లక్స్ కొద్దిగా తగ్గగానే ప్రైమరీలో లైనుకి ఎదురు నిలబడే వోల్టేజి కూడా తగ్గుతుంది. ఆ సందులోంచి లైను ఇంకొంత కరెంటు తోస్తుంది. రెండూ మళ్లీ సరితూగేదాకా తోస్తుంది. 5.2 ని 90తో గుణిస్తే 468. 0.94లోంచి లోడ్ లేనప్పుడు తీసుకునే వాటా పోను మిగిలిన దాన్ని 512తో గుణిస్తే ఇంచుమించు అదే అంకె. రెండు వైండింగుల మధ్య తీగ లేదు, అయినా ఇటు బల్బు వేస్తే అటు తెలుస్తుంది. చెప్పేది ఆ తగ్గిన రెండు శాతం ఫ్లక్సే. మేస్త్రీ మీటరు చూసి "ఓరోరి, దీనికా ఈ రెండు సుట్లూ" అన్నారు.

బల్బులు అలాగే వదిలేసి వేడి చూశాం. థర్మామీటరు లోపలికి పోదు కాబట్టి రాగినే అడగాలి. చల్లగా, 30 డిగ్రీల దగ్గర ప్రైమరీ రెసిస్టెన్సు 4.8 ఓములు. వేడి నిలకడకి వచ్చాక స్విచ్ తీసి వెంటనే కొలిస్తే 5.5. రాగి రెసిస్టెన్సు 20 డిగ్రీల దగ్గరున్న విలువ మీద డిగ్రీకి 0.39 శాతం లెక్కన పెరుగుతుంది, ఆ లెక్కన లోపల దాదాపు 69 డిగ్రీలు. లెదరాయిడ్‌కైనా ఎనామిల్‌కైనా భయం లేదు.

షార్ట్ సర్క్యూట్ టెస్టు

దీనికి షాపులో ఉన్న చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోయింది. నా సెకండరీ కొసలు రెండూ కలిపేసి, ప్రైమరీకి లైను బదులు ఆ 12 వోల్టులిచ్చాను. ఖచ్చితంగా 12.1. ప్రైమరీలో 1.05 ఆంపియరు, షార్టులో క్లాంప్ మీటరు (తీగ తెంచకుండా కరెంటు కొలిచేది) 5.9. అంటే నిండు కరెంటు పారించడానికి 230లో దాదాపు 5 శాతం వోల్టేజి చాలు. దీన్నే పర్సెంటేజ్ ఇంపెడెన్స్ అంటారు.

ఊరి దిమ్మ మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేటు కంచె బయటినుంచే చదవొచ్చు. 63 కేవీఏ, 11,000 నుంచి 433 వోల్టులు, ఆంపియర్లు అటు 3.31, ఇటు 84, ఇంపెడెన్స్ 4.5 శాతం. నా చేతిలో ఉన్న దానికీ దానికీ సైజు తేడా 250 రెట్లు, ఈ అంకె మాత్రం పక్కపక్కనే ఉంది. 84 ని 0.045తో భాగిస్తే 1,867. దాని మూతి దగ్గర తీగలు కలిస్తే పారే ఆంపియర్లవి. గాలివానకి కొబ్బరి మట్ట లైను మీద పడినప్పుడు ఆ పేలుడు అందుకే అలా ఉంటుంది.

కలపడం

సెకండరీని లైనుకి కలిపేటప్పుడు తల ఏదో తోక ఏదో తెలియాలి. ప్రైమరీ కొస ఒకటి, సెకండరీ కొస ఒకటి కలిపి మిగిలిన రెండింటి మధ్య కొలిచాను. 190 వచ్చింది. తిరగేస్తే 271. నాకు కావాల్సింది రెండోది. తీగలకి ఎర్ర టేపు చుట్టాను.

కానీ రాత్రి పదకొండున్నరకి లైను 236 ఉంటుంది కదా. అప్పుడు కూడా కలిపే ఉంటే అవుట్‌పుట్ 277. టీవీ పోతుంది. కాబట్టి రిలే, అంటే తనంతట తానే మారే స్విచ్, తప్పదు. ఇన్‌పుట్ 195 కన్నా తగ్గితే బూస్టు లోపలికి, 210 దాటితే బయటికి. 210 దగ్గర కూడా అవుట్‌పుట్ 247 మించదు. ఫ్రిజ్ స్టార్టయిన ప్రతిసారీ లైను ఒక్క క్షణం కుంగుతుంది, దానికి రిలే ఆడకుండా కొన్ని సెకన్ల డిలే పెట్టాను.

బూస్టు వద్దనుకున్నప్పుడు ఏం తెంచాలన్న దగ్గర జాగ్రత్త కావాలి. ప్రైమరీని మాత్రం తెంచి సెకండరీని లైన్లో అలాగే ఉంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే లోడ్ కరెంటుని రద్దు చేసేది ఏదీ ఉండదు, మొత్తం కోర్‌ని అయస్కాంతం చెయ్యడానికే పోతుంది. సెకండరీ చోక్‌లా అడ్డుపడుతుంది, తెరిచి ఉన్న ప్రైమరీ కొసల మీద వందల వోల్టులు లేస్తాయి. సరే, సెకండరీనే షార్టు చేద్దామంటే, ప్రైమరీ లైన్లో ఉండగా అది కాలిపోతుంది. సరైన దారి ఒకటే. ప్రైమరీ ఎప్పుడూ లైన్లోనే ఉండాలి, లోడ్ తీగని మాత్రం చేంజోవర్ రిలే నేరుగా లైనుకి గానీ బూస్టు కొసకి గానీ మార్చాలి. ఒకదాన్ని వదిలాకే రెండోదాన్ని పట్టుకునే రిలే కావాలి. ముందు 10 ఆంపియర్ల ఎంసీబీ, ప్రైమరీకి విడిగా 2 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు (క్షణంపాటు ఎగిసే కరెంటుకి పోనిది), కోర్‌కీ ఇనుప పెట్టెకీ ఎర్తింగు. అంతా మీటరు తర్వాతే, ఇంట్లో వైరింగులోనే.

ఇంట్లో

సాయంత్రం ఏడుంపావు. ఇన్‌పుట్ 178, రిలే టక్కుమంది. అవుట్‌పుట్ 206, అప్పుడే ఇన్‌పుట్ 176కి దిగింది. ఫ్రిజ్ ఒక్క ఊపులో స్టార్టయింది. "ఇప్పుడు సరీగ్గా ఉంది" అంది అమ్మ. మజ్జిగ గిన్నె లోపల పెట్టేసి టీవీ ముందుకెళ్లిపోయింది.

నా కన్ను ఆ 176 మీదే ఉంది. పోయిన రెండు వోల్టులు నేను లైనులోంచి లాగినవే. 6 ఆంపియర్లు ఇంట్లోకి కావాలంటే బూస్టర్ లైన్లోంచి 7 లాగుతుంది. పక్కింటి చిన్నాన్న చూసి "మాకూ ఒకటి సుట్టీరా" అన్నారు. తప్పకుండా చుడతాను, ఆయన ఫ్రిజ్‌దీ అదే బాధ. కానీ వీధిలో ప్రతి ఇంటికీ ఒకటి పెడితే లైను ఇంకా కుంగుతుంది, అందరి రిలేలూ టక్కుమంటాయి, ఇది లేని ఇంటి బల్బు మరీ మినుకుమంటుంది. అసలు మందు 11 కేవీ లైనుని వీధి చివరిదాకా తెచ్చి అక్కడొక చిన్న 16 గానీ 25 గానీ కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. అదే పవరుకి 11 కేవీలో కరెంటు దాదాపు ఇరవై ఐదో వంతే, అదే తీగలో నష్టం దాదాపు ఆరు వందల యాభై వంతుల్లో ఒకటి. ఆ మాటే చిన్నాన్నతో చెప్పి, సాయంత్రాల రీడింగులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. వీధిలో వాళ్లందరి సంతకాలు పెట్టించి కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో ఇస్తానన్నారు.

మిగిలిన పనులు: పెట్టెకి వెనకవైపు గాలి రంధ్రాలు, ఎంసీబీ పక్కన బైపాస్ స్విచ్. సర్క్యూట్ బొమ్మ గీసి మూత లోపల అంటించాలి. చిన్నాన్నది చుట్టడానికి 51 మిల్లీమీటర్ల దొంతర దొరకలేదు, మేస్త్రీ దగ్గర 44 ఉంది. వైశాల్యం తగ్గుతుంది కాబట్టి ప్రైమరీ 595 చుట్లు, సెకండరీ 105. కిటికీలో పట్టాలంటే సెకండరీ 17 గేజ్‌కి దించాలి, 5 ఆంపియర్లకి మించి ఇవ్వకూడదు.